పౌలు చేరని రేవు
(విశ్రాంతిని గూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 27:1–14, మార్కు 6:30–34, ద్వితీయోపదేశకాండము 5:12–15, తీతు 1:5–8.



ఈ మాసపు పాఠము సెలవు దినములను గూర్చినది. "సెలవు అనునది ఉద్యోగస్థుల మాట. పొలమునకు సెలవెక్కడిది? పాడిగేదెకు ఆదివారమని తెలియునా?" అని మనలో కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అయినను విశ్రాంతిని గూర్చిన ఆజ్ఞను దేవుడు మొట్టమొదట ఇచ్చినది కచ్చేరీలలో పనిచేయువారికి కాదు. ఎద్దులును గాడిదలును గలవారికి, దాసదాసీలతో కలిసి పాటుపడువారికి ఇచ్చెను. కావున ఈ సంగతి మనది కాదని విడిచిపెట్టుటకు వీలులేదు.

దీనిని నేర్చుకొనుటకు మనము మనస్సునందు చాల దూరము ప్రయాణము చేసి, గ్రీసు దేశములోని ఒక చిన్న సముద్రతీర గ్రామమునకు పోదము. నేడు అనేకులు విశ్రాంతి కొరకు అచ్చటికి వెళ్లుచున్నారు. పౌలు ఎక్కిన ఓడవారును విశ్రాంతి కొరకు అచ్చటికే పోవలెనని బయలుదేరిరి గాని చేరలేకపోయిరి.

1. ఆ గ్రామము

క్రేతు గ్రీసు దేశపు ద్వీపములలో మిక్కిలి పెద్దది. తూర్పునుండి పడమరకు సుమారు 260 కిలోమీటర్ల పొడవు కలది. దాని పడమటి భాగమున తెల్లకొండలు అను పర్వతములు కలవు. వాటిలో ఎత్తైన శిఖరము 2,400 మీటర్లకు మించినది. ఆ పర్వతములు దక్షిణపు వైపున సముద్రములోనికి నిట్టనిలువుగా దిగిపోవును. అట్టి చోట, కొండకును నీటికిని నడుమ ఇరికించినట్లుగా లూత్రో అను గ్రామము ఉన్నది. ఆ పేరునకు స్నానము అని అర్థము. తెల్లని గోడలు, నీలిరంగు తలుపులు గల కొద్దిపాటి ఇండ్లు ఒడ్డు వెంబడి వంపుగా నిలిచియున్నవి.

ఈ గ్రామమునకు బండి బాట లేదు. మోటారు రాదు. ఖోరా స్ఫకియోను అను రేవునుండి పడవమీద అరగంటలోపే రావచ్చును. లేదా కొండ అంచున ఉన్న కాలిబాటను రెండు గంటలకు పైగా నడిచి రావచ్చును. ఇంటికి వలసిన ధాన్యమైనను, పెండ్లికి వలసిన మంచమైనను పడవమీదనే దిగవలెను. అందువలననే అచ్చట నిశ్శబ్దము నిలిచియున్నది. అలల చప్పుడును మేకల మెడలోని గంటల చప్పుడును తప్ప పగటివేళ పెద్ద సద్దు వినబడదు.

లూత్రో వెనుక ఒక చిన్న కొండముక్క సముద్రములోనికి చొచ్చుకొనియున్నది. దానికి ఆవలి వైపున ఉన్న అఖాతమును ఆ ప్రాంతమువారు నేటికిని ఫినికా అని పిలుతురు. ప్రాచీనకాలమున పైకొండమీది అనోపోలి పట్టణమునకు ఇదే రేవు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము 12వ వచనములో చెప్పబడిన ఫీనిక్సు ఇదియేయని పండితులు ఎంచుచున్నారు. కొండముక్కకు ఏ ప్రక్కనున్న రేవు లూకా చెప్పినదో అని వారిలో చర్చ కలదు. క్రీస్తు శకము 365లో సంభవించిన గొప్ప భూకంపమువలన క్రేతు పడమటి తీరము కొన్ని తావులలో 9 మీటర్ల వరకు పైకి లేచినది గనుక, పౌలు దినములలోని రేవు ఆకారము నేడు అట్లే కనబడదు.

2. ఎవరికి వారే పోవు సెలవు

పడమటి దేశములవారు సెలవునకు పోవుటలో రెండు విధములున్నవి. మొదటిది, ఒక సంస్థకు సొమ్ము చెల్లించి, ప్రయాణము, బస, భోజనము సమస్తమును ఆ సంస్థ చేతికే అప్పగించుట. ఈ పద్ధతికి దారితీసినవాడు థామస్ కుక్ అను ఇంగ్లండు దేశపు బాప్టిస్టు క్రైస్తవుడు. ఆయన వడ్రంగపు పనివాడు, గ్రామములలో తిరిగి బోధించినవాడు. 1841 జూలై 5వ తేదీన మద్యపాన నిషేధ సభకు సుమారు 500 మందిని లెస్టరునుండి లఫ్‌బరోకు రైలుమీద తీసికొనిపోయెను. త్రాగుడుమాని పేదవారు మంచి ఉల్లాసమును పొందవలెనన్నదే ఆయన తలంపు. దానినుండి గొప్ప వ్యాపారము పెరిగినది.

రెండవది, ఎవరికి వారే త్రోవ వెదకుకొని పోవుట. లూత్రోవంటి గ్రామమునకు పోవువారిలో ఇట్టివారు అనేకులు. వారు విమానమున ఖానియా పట్టణమునకు వచ్చి, అచ్చటనుండి బస్సుమీద పర్వతములు దాటి దక్షిణ తీరమునకు దిగి, పడవ ఎక్కుదురు. మరికొందరు సమారియా కనుమగుండ సుమారు 16 కిలోమీటర్లు నడిచి అయియా రూమెలీ గ్రామము చేరి, అచ్చటనుండి పడవమీద వత్తురు. ఆ కనుమ 1962 నుండి రక్షిత వనముగా ఉన్నది. గ్రామములో ఒక కుటుంబమువారి ఇంట గది తీసికొని, వారు వండినది తిని, కొన్ని దినములుందురు.

దీనిని స్వతంత్రపు సెలవు అందురు. అయితే యోచింపుడి. అట్లు వెళ్లినవాడు నిజముగా స్వతంత్రుడా? బస్సు తోలువాడు రావలెను. పడవ నడుపువాడు లంగరు ఎత్తవలెను. ఇంటి యజమానురాలు దుప్పటి పరచవలెను. గాలి ఎక్కువైనప్పుడు పడవలు కదలరాదని రేవు అధికారులు ఆపివేయుదురు. అప్పుడు ఎంత ధనమున్నను ఎదురుచూడవలసినదే. సంస్థమీద ఆనుకొన్నవారి స్థితియు ఇంతే. థామస్ కుక్ పేరుతో ఇంగ్లండులో నడచిన ఆ పురాతన సంస్థ 2019 సెప్టెంబరు 23న దివాలా తీసి మూతపడగా, ఆ దేశపు ప్రయాణికులు సుమారు లక్షా ఏబదివేలమంది పరదేశములలో నిలిచిపోయిరి. వారిని ప్రభుత్వము ఇంటికి చేర్చవలసివచ్చెను.

కావున మనము నేర్చుకొనవలసిన మొదటి మాట ఇది. ఇతరులమీద ఆధారపడని విశ్రాంతి భూమిమీద లేదు. నేను నిద్రించుటకు మరియొకడు మేలుకొనియుండును. నేను కూర్చుండి తినుటకు మరియొకరు పొయ్యి యొద్ద నిలువబడుదురు. ఇది తెలిసినవాడు కృతజ్ఞుడగును. తెలియనివాడు గర్విష్ఠుడగును.

3. ఓడవారి కోరిక

ఇప్పుడు లేఖన భాగమునకు వత్తము. పౌలు ఖైదీగా రోమాకు కొనిపోబడుచుండెను. శతాధిపతియైన యూలి దయగలవాడు. సీదోనులో పౌలు తన స్నేహితులయొద్దకు పోయి పరామరిక పొందుటకు సెలవిచ్చెను. సంకెళ్లలోనున్న అపొస్తలుడు ఈ దయను నిరాకరింపలేదు. స్నేహితుల ఇంటికి పోయెను. అలసిన శరీరమునకు పరామరిక అవసరమని ఒప్పుకొనుట విశ్వాసలోపము కాదని దీనివలన తెలియుచున్నది.

తరువాత మూర పట్టణమున అలెక్సంద్రియ ఓడ ఎక్కిరి. గాలి ఎదురైనందున క్రేతు దక్షిణ తీరమును పట్టుకొని అతి కష్టముతో మంచిరేవులు అను స్థలము చేరిరి. ఈ స్థలమునకు గ్రీకు భాషలో లూకా వ్రాసిన పేరే దాదాపు రెండువేల యేండ్ల తరువాత నేటికిని నిలిచియున్నది. అది చిన్న పల్లె. ఎదుటనున్న చిన్న దీవిమీద ఓడలకు నూనె పోయుటకై తొట్లు కట్టబడియున్నవి.

అప్పటికి ఉపవాసదినము గడచిపోయెను. అనగా శరత్కాలము వచ్చెను. ఆ సముద్రమున ఓడలు నడుపు కాలము ముగియుచుండెను. ముందునకు సాగినయెడల సరకులకును ఓడకును ప్రాణములకును నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. మంచిరేవులు శీతకాలము గడుపుటకు అనుకూలము కాదు గనుక ఫీనిక్సు చేరవలెనని ఎక్కువమంది ఆలోచన చెప్పిరి.

ఇక్కడ జాగ్రత్తగా గమనింపుడి. వారు పాపమును కోరలేదు. మంచి రేవును కోరిరి. ఫీనిక్సు నిజముగా మంచి రేవే. అది పర్వతముల చాటున ఉన్నది. అయినను మంచిదానిని తగని కాలమున, హెచ్చరికను త్రోసివేసి కోరుట కూడ అపాయమే. సౌకర్యము లేని రేవున నిలిచి, ఓడను కాపాడుకొనుడని పౌలు చెప్పెను. సౌకర్యము గల రేవునకై ఓడనే పోగొట్టుకొనిరి.

4. మెల్లగా విసరిన దక్షిణపు గాలి

మంచిరేవులనుండి ఫీనిక్సు సముద్రమార్గమున సుమారు 70 కిలోమీటర్లు. మంచి గాలి ఉన్నయెడల ఒక దినపు ప్రయాణమే. దక్షిణపు గాలి మెల్లగా విసరగా, అనుకొన్నది కైవసమైనదని తలంచి లంగరెత్తిరి. కొద్ది దూరములో లిథినో అను అగ్రము కలదు. దానిని దాటగానే తీరము ఉత్తరమునకు మరలిపోవును. మెసరా అఖాతము తెరచుకొనును. ఓడకు చాటు ఉండదు. అట్టి చోట ఊరకులోను అను పెనుగాలి ద్వీపము మీదనుండి దిగివచ్చి ఓడను పట్టుకొనెను. నేటికిని ఆ తీరమున ఉత్తరపు గాలి పర్వతములపైనుండి హఠాత్తుగా నీటిమీద పడుచుండును. అక్కడి పడవవారికి ఇది బాగుగా తెలిసిన సంగతి. జేమ్సు స్మిత్ అను స్కాట్లండు దేశస్థుడు, తానే ఓడ నడుపువాడు, ఈ ప్రయాణమును గాలులతోను దూరములతోను సరిచూచి 1848లో ఒక గ్రంథము ప్రచురించెను. లూకా వ్రాసినది కన్నులార చూచినవాని వృత్తాంతమని అందులో నిరూపించెను.

ఓడ కౌద అను చిన్న ద్వీపము చాటునకు కొట్టుకొనిపోయెను. అది నేటి గావ్దోస్. లూత్రోకు దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఆకాశము నిర్మలముగా నున్న దినమున స్ఫకియా కొండలమీదనుండి కనబడును. చూచితిరా? చేరవలెనన్న రేవు కెదురుగానే వారు కొట్టుకొనిపోయిరి. ఉత్తరమున రేవు, నడుమ తుపాను.

మెల్లని దక్షిణపు గాలి దేవుని అంగీకారమునకు గురుతు కాదు. అప్పిచ్చువాడు సులువుగా ఇచ్చినంత మాత్రమున ఆ అప్పు చేయదగినది కాదు. పిల్లదానికి గొప్ప సంబంధము త్వరగా కుదిరినంత మాత్రమున విచారింపకయే ఇచ్చుట తగదు. దూరదేశమున జీతము దొరకునని ఏజెంటు చెప్పినప్పుడు పత్రములు చూడకయే పొలము తాకట్టు పెట్టుట మెల్లని దక్షిణపు గాలిని నమ్ముటయే. ఎక్కువమంది పొమ్మన్నారనుటయు ఋజువు కాదు. ఆ ఓడలో ఎక్కువమంది చెప్పిన ఆలోచనయే తప్పినది.

5. పరదేశియే అతిథి

లూత్రోనుండి పడమరగా, అయియా రూమెలీకి పోవు దారిలో, ఒడ్డునే పౌలు పేరిట రాతితో కట్టిన ఒక చిన్న ప్రాచీన గుడి కలదు. ఆయన అచ్చట బాప్తిస్మమిచ్చెనని స్థానికులు చెప్పుకొందురు. ఆయన ఆ తీరమున దిగినట్లు లేఖనము చెప్పదు. లేఖనము చెప్పనిదానిని మనము సిద్ధాంతము చేయరాదు. అయితే పౌలు క్రేతునకు నిశ్చయముగా ఇచ్చినది ఒకటి కలదు. అది తీతు పత్రిక.

క్రేతులో సంఘములను క్రమపరచుటకు తీతును విడిచినప్పుడు, అధ్యక్షునికి ఉండవలసిన గుణములను పౌలు వ్రాసెను. అందులో అతిథిప్రియత్వము ఒకటి. గ్రీకు భాషలో క్సెనోస్ అను ఒకే మాటకు పరదేశి అనియు అతిథి అనియు రెండర్థములు కలవు. పరదేశిని ప్రేమించుటను ఆ భాషలో ఫిలోక్సెనియా అందురు. నేటికిని గ్రీసు గ్రామములలో ఆ మాట గౌరవముతో వాడుదురు. అడుగకుండనే ఒక పండైనను, మంచినీరైనను తెచ్చి ఎదుట పెట్టుట వారి పాత మర్యాద. గదికి సొమ్ము పుచ్చుకొనువారును ఈ మర్యాదకు వేరుగా సొమ్ము అడుగరు.

మన పల్లెలకు ఎవరును సెలవు గడుపుటకు రాకపోవచ్చును. నాట్లకును ప్రత్తి ఏరుటకును దూరపు జిల్లాలనుండి కూలివారు వత్తురు. వారు చెట్లక్రిందను బడి వరండాలలోను వండుకొందురు. వారు పరదేశులు గనుక, గ్రీకు మాట చొప్పున, అతిథులే. ఆదివారము ఉదయము మన సంఘములో ఎవరైనను పోయి, "రండి, మాతో కూర్చుండుడి; నీళ్లు ఇక్కడ పట్టుకొనుడి" అని పిలిచినారా?

6. ఒడ్డునున్న తియ్యని నీరు

ఖోరా స్ఫకియోనునుండి లూత్రోకు నడచు దారిలో గులకరాళ్ల తీరము ఒకటి కలదు. దానిని తియ్యని నీళ్లు అని పిలుతురు. సముద్రమునకు కొన్ని అడుగుల దూరమున గులకరాళ్లను చేతితో త్రవ్వినయెడల త్రాగదగిన చల్లని నీరు ఊరును. తెల్లకొండలమీద పడిన మంచును వానయు సున్నపురాతి పగుళ్లగుండ దిగి, కొండ పాదమున ఇట్లు బయటికి వచ్చుచున్నవి. పైన ఎండ, ఎదుట ఉప్పు సముద్రము, కాలిక్రింద తియ్యని ఊట.

విశ్రాంతియు ఇట్టిదే. అది అప్పటికప్పుడు పుట్టదు. శీతకాలమున ఎత్తున పడినది వేసవిలో క్రింద ఊరును. దినదినము ప్రార్థన, వాక్యము, ఇంటివారితో సమాధానము అను మంచు పడనిచో, పది దినములు ఏ సముద్రపు ఒడ్డున కూర్చున్నను మనస్సున ఊట పుట్టదు. అట్టివాడు తన అలసటను పెట్టెలో పెట్టుకొని పోయి, మరల దానిని పెట్టెలో పెట్టుకొని వచ్చును.

7. విశ్రాంతి ఎవరిది?

ఇది ఈ పాఠములోని ముఖ్యమైన ప్రశ్న. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కులలో 24వ అధికరణము, ప్రతి మనుష్యునికి విశ్రాంతి హక్కు కలదనియు, జీతముతో కూడిన సెలవు ఉండవలెననియు తెలుపుచున్నది. గ్రీసు దేశమున మధ్యాహ్నము కొన్ని గంటలు సద్దుచేయరాదను నియమము కూడ కలదు. ఇవి మంచివి. అయితే ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము ఇంకను లోతుగా పోయి, దాసుడును దాసియు యజమానునివలెనే విశ్రమింపవలెనని చెప్పి, కారణముగా ఐగుప్తును జ్ఞాపకము చేయుచున్నది. నీవు కూడ ఒకప్పుడు విశ్రాంతి లేని దాసుడవు గదా అని అర్థము. ఎద్దును గాడిదను సహితము అందులో చేర్చినది.

లూత్రోలో అతిథులు విశ్రమించు మాసములే అచ్చటి కుటుంబములకు మిక్కిలి శ్రమగల మాసములు. వసంతమునుండి అక్టోబరు వరకు తెల్లవారుజామునుండి అర్ధరాత్రి వరకు పనియే. శీతకాలమున పడవలు తగ్గి, అంగళ్లు మూసి, ఊరు దాదాపు ఖాళీయగును. అప్పుడు వారికి విశ్రాంతి. ఒకరి సెలవు మరియొకరి చాకిరి. తెలివిగల అతిథి ఇది ఎరిగి, బేరమాడుటలోను ఆజ్ఞాపించుటలోను మితముగా నుండును.

మన ఇండ్లలో ఇది ఎట్లున్నది? ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పురుషులు అరుగుమీద కూర్చుండి ప్రసంగమును గూర్చి మాటలాడుదురు. తల్లి పొయ్యి ఊదుచుండును. పండుగనాడు బంధువులు ఎంతమంది వచ్చిన అంత సంతోషము. ఆ సంతోషపు బరువంతయు ఎవరి నడుముమీద పడుచున్నది? మనయొద్ద పాలేరుగా నున్న కుఱ్ఱవానికి వారములో ఒక పూటయైనను వాని ఇష్టమునకు విడిచితిమా? ఇంటి ఇల్లాలికిని కూలివానికిని లేని విశ్రాంతిని మనము విశ్రాంతిదినమని పిలిచినయెడల, ఆజ్ఞలో సగమే ఆచరించినవారమగుదుము.

మార్కు 6వ అధ్యాయములో ప్రభువు, భోజనమునకైనను తీరిక లేని శిష్యులను చూచి, ఏకాంతమునకు రమ్మని పిలిచెను. వారి అలసటను ఆయన గమనించెను. వారు పడవ ఎక్కిరి. జనులు కాలినడకను ముందుగానే అక్కడికి చేరిరి. శిష్యుల సెలవు పడవ ప్రయాణమంత మాత్రమే. అయినను ఆ జనులను చూచి ప్రభువు విసుగుకొనలేదు, కనికరపడెను. విశ్రాంతి కోరుట ఆయన చిత్తమే. అవసరము ఎదురైనప్పుడు దానిని విడుచుటయు ఆయన చిత్తమే. రెండును నేర్చుకొనవలెను.

ముగింపు

ఫీనిక్సులో శీతకాలము గడుపవలెననుకొన్న 276 మంది పదునాలుగు రాత్రులు తుపానులో నలిగి, ఓడను పోగొట్టుకొని, ఒక్క ప్రాణమైనను పోకుండ మెలితే ఒడ్డున పడిరి. వాన కురియుచుండెను, చలిగా నుండెను. ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. మూడు నెలలు అచ్చటనే గడచెను. వారు ఎన్నుకొన్న రేవు దొరకలేదు. ఎన్నడును వినని పరదేశుల చేతులలో దేవుడు వారికి శీతకాలపు బస సిద్ధపరచియుండెను. మనము కోరిన రేవు తప్పిపోయినప్పుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందము. మన గుమ్మమునకు ఎవరైనను తడిసి వచ్చినప్పుడు, మనమే వారికి మెలితే కావలసియుండునని కూడ జ్ఞాపకముంచుకొందము.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. పౌలు సీదోనులో స్నేహితుల పరామరికను అంగీకరించుటవలన మనమేమి నేర్చుకొనవచ్చును?
2. మంచి రేవు కొరకు బయలుదేరినవారు ఎందుచేత నష్టపోయిరి? మన ఊరిలో మెల్లని దక్షిణపు గాలివంటివి ఏవి?
3. క్రేతులోని సంఘపెద్దలకు అతిథిప్రియత్వము ఎందుకు అవసరమయ్యెను? మన సంఘపెద్దలను ఎన్నుకొనునప్పుడు దానిని చూచుచున్నామా?
4. ఈ మాసములో ఒక ఆదివారము మన ఇంట ఎవరికి విశ్రాంతి ఇయ్యగలము? వారి పనిని ఎవరు చేయుదురు? పేరుపెట్టి నిర్ణయించుకొనుడి.